ధనవంతుడు అడిగిన ప్రశ్న

యేసు దారిపట్టి పోవుచుండగా ఒక మనుష్యుడు పరుగున వచ్చి, ఆయన యెదుట మోకరిల్లి, నిత్యజీవము దక్కవలెనన్నచో తానేమి చేయవలెనో చెప్పుమని వేడెను. మోషే ధర్మశాస్త్రములోని ఆజ్ఞలను యేసు వానికి గుర్తుచేసెను. అవి యన్నియు చిన్నతనమునుండి తప్పక నడపుచున్నానని యాతడు బదులిచ్చెను. అప్పుడు యేసు వానివైపు చూచెననియు, చూచినంతనే వానిపై ఆయనకు ప్రేమ కలిగెననియు మార్కు వ్రాసినాడు. ఈ చిన్న సంగతి తక్కిన సువార్తలలో కానరాదు. ప్రేమతో పలికినదైనను ఆ పిమ్మటి మాట మిక్కిలి కఠినము. ఉన్నదంతయు అమ్మి, వచ్చిన ధనమును బీదలకు పంచి, తరువాత తనతో రమ్మని యేసు చెప్పెను. ఆ మాటతో వాని మోము వాడిపోయెను. మారుమాట లేక విచారముతో మరలిపోయెను. ఆతడు గొప్ప ఆస్తిపరుడు.

వాని పేరెవ్వరును చెప్పలేదు. ఆదివారపు బడులలో పిల్లలకు ‘ధనవంతుడైన యౌవనాధికారి’ యని చెప్పుట వాడుక. ఈ మూడు లక్షణములును ఒక్క గ్రంథములోనివి కావు. ఆస్తిపరుడని మూడు సువార్తలును చెప్పును. యౌవనుడని చెప్పినది మత్తయి మాత్రమే. అధికారి యన్నది లూకా మాత్రమే. మూడు పుస్తకములలోని గీతలను కలిపి మనము ఒక్క బొమ్మను గీసికొన్నాము. ఇది చిన్న విషయమే కావచ్చును. కాని క్రైస్తవ వేదమున ధనమును గూర్చిన మాటలన్నింటికిని ఇట్టి గతియే పట్టినది. వేర్వేరు కాలములందు వేర్వేరు చేతులు వ్రాసిన మాటలను ఒక్క సంపుటముగ కుట్టి, అన్నియు ఒక్క గొంతుక పలికినవే యని భావించి చదువుట వలన వాదము తెగక సాగినది. ఆ వాదము నడచిన తీరును, ముఖ్యముగా ఈ ఒక్క కథను విన్నవారు ఏమి చేసిరో, పాఠకులకు కొంత చెప్పదలచితిమి.

ఆ మనుష్యుడు వెళ్లిన పిమ్మట యేసు శిష్యులతో, ధనికుడు దేవుని రాజ్యమున అడుగుపెట్టుటకంటె ఒంటె సూదిబెజ్జమున దూరుటయే తేలిక యన్నట్లు చెప్పెను. శిష్యులు నివ్వెరపోయిరి. అట్లయిన ఇక తరించువారెవ్వరని వారిలో వారనుకొనిరి. ఇది విచిత్రము. వారిలో పలువురు వలలు వేసి చేపలు పట్టి బ్రతికినవారు, పడవలను విడిచివచ్చినవారు. ధనికునికి మోక్షము దుర్లభమని వినినప్పుడు వారు దిగులు పడనేల? దీనికి కారణము వారు చిన్ననాటినుండి వినుచు పెరిగిన గ్రంథములలో కలదు.

పాత నిబంధనయందు సంపద తరచుగా దేవుని దీవెన. అబ్రాహాము పశువులతోను వెండి బంగారములతోను తులతూగినాడని ఆదికాండము గర్వముగనే చెప్పును. ధర్మము తప్పనివానికి గంపయు, కొట్టును, మందయు నిండునని ద్వితీయోపదేశకాండము మాటయిచ్చును. యోబు సర్వమును పోగొట్టుకొని, తుదకు మునుపటికి రెట్టింపు పొందెను. 14,000 గొర్రెలు, 6,000 ఒంటెలు, 1,000 జతల యెడ్లు, 1,000 ఆడుగాడిదలు! ఆ ఆరువేల ఒంటెలలో ఒక్కదానినైనను సూదిబెజ్జమున దూర్చవలసిన యవసరము యోబు కథ వ్రాసినవానికి తోచలేదు. ‘సామెతలు’ అను గ్రంథము సోమరిని దారిద్ర్యము వచ్చి పట్టుకొనునని బెదరించును. కలవానికి కలిమియే కోట యనును. ఆ పుస్తకముననే చివరిభాగమున ఆగూరు అను నతడు తనకు లేమియు వలదు, కలిమియు వలదు, తగినంత కూడు దొరికిన చాలునని దేవుని వేడుకొనును. కలిగినవాడు దేవుని మరచునేమో, లేనివాడు దొంగిలునేమో యన్నది యాతని భయము. లోకమెరిగినవాడు.

ఇది యొక గొంతుక. మరియొకటి ఇంతకంటె గట్టిగా వినబడును. క్రీ.పూ. 8వ శతాబ్దమున ఆమోసు అను పసుల కాపరి యూదా దేశమునుండి ఉత్తరపు రాజ్యమునకు పోయి, అచ్చటి పెద్దలు పేదవానిని చెప్పుల జత వెలకు అమ్ముకొనుచున్నారని బహిరంగముగ దూషించెను. తప్పుడు త్రాసులు, చిన్నచేసిన కొలతలు, ధాన్యములో కలిపిన చెత్త, వీనినన్నింటిని ఆతడు అంగడిలో నిలుచుండి చూచినవానివలె పేర్కొనును. అహాబు రాజు తన కోటప్రక్కనున్న నాబోతు ద్రాక్షతోటను కోరెను. పిత్రార్జితమును ఇయ్యనని నాబోతు చెప్పగా, రాణి యెజెబెలు అబద్ధపు సాక్షులను కుదిర్చి వానిని రాళ్లతో కొట్టించెను. ఇచ్చట సంపద దీవెన కాదు, దొంగసొత్తు. ధర్మశాస్త్రముననే ఒక్క అధ్యాయమున రెండు మాటలు కానవచ్చును. ద్వితీయోపదేశకాండము 15వ అధ్యాయము 4వ వచనమున మీలో బీదలే యుండరాదను నర్థము కలదు. 11వ వచనమున బీదలు దేశమున ఎన్నటికిని ఉండకపోరను నర్థము కలదు. రెంటికిని నడుమ ఆరు వచనములే యెడము. వ్యాఖ్యాతలు ఈ రెంటిని పొందుపరచుటకు చాల శ్రమపడిరి. మాకు తోచినంతవరకు మొదటిది శాసనకర్త కోరిక, రెండవది యాతని అనుభవము.

కాబట్టి శిష్యుల విస్మయమునకు మూలము తెలిసినది. దీవెన పొందినవాడే తరింపనిచో దీవెన లేనివాని గతి యేమి? వారి ప్రశ్న అదియే.

ఇచ్చట తెలుగు పాఠకులకు ఒక మాట చెప్పక పోజాలము. దేవునికిని ధనమునకును ఒక్కమారే ఊడిగము చేయుట కుదరదని యేసు చెప్పినచోట గ్రీకు మూలమున ‘మామోను’ అను అరమేయిక పదము కలదు. గ్రీకులో వ్రాసినవారు కూడ దానిని మార్పక అట్లే యుంచిరి. అందుచేత అది యేదో పరదేశపు దయ్యము పేరువలె వినబడును. మన తెలుగు బైబిలులో ఆ చోట ‘సిరి’ అని కలదు. సిరి మనకు లక్ష్మి. ఆడబిడ్డకు ముద్దుగా పెట్టుకొను పేరు. కోడలు గృహప్రవేశము చేసినప్పుడు సిరి వచ్చినదని మురిసిపోవుదుము. మామోనును విడువుమన్న మాట వినుట సులభము. సిరిని విడువుమన్న మాట తెలుగింటిలో ఇంకొంత లోతుగ దిగును.

క్రొత్త నిబంధనలోనికి వచ్చినచో వైరుధ్యము తగ్గదు, పెరుగును. లూకా సువార్తయందు బీదలు ధన్యులు. వెనువెంటనే ధనికులకు శాపము వంటి హెచ్చరిక. మత్తయి సువార్తయందు ఆ మాటయే ఆత్మవిషయమున బీదలైనవారు అని మారినది. ధనికులపై హెచ్చరిక లేనే లేదు. ఒక్క మాట చేరుటతో ధనికుడు కూడ లోపలికి వచ్చుటకు తలుపు కొంత తెరచికొన్నది. అట్లని లూకా ధనికులకు తలుపు మూసినాడా యన్న, అదియు లేదు. ధనవంతుడు విచారముతో మరలిపోయిన కథ లూకా 18వ అధ్యాయమున నున్నది. తరువాతి అధ్యాయము మొదటనే యెరికో పట్టణపు సుంకరుల పెద్ద జక్కయ్య కథ. జక్కయ్యయు ధనవంతుడే. ఆతడు తన ఆస్తిలో సగము బీదలకిచ్చెదననెను, అన్యాయముగ తీసికొన్నదానికి నాలుగంతలు తిరిగియిచ్చెదననెను. ఆనాడే యా యింటికి రక్షణ వచ్చెనని యేసు చెప్పెను. తక్కిన సగము సంగతి యేమని ఆయన యడుగలేదు. ఒకనికి సర్వమును, మరియొకనికి సగమును! లూకా ఈ రెండు కథలను తెలియక ప్రక్కప్రక్కన పెట్టినాడని మేమనుకొనము.

యేసుతో తిరిగిన బృందమును తమ సొమ్ముతో పోషించిన స్త్రీలు కలరు. మగ్దలేనే మరియ, హేరోదు గృహనిర్వాహకుని భార్య యోహన్న, సూసన్న అను పేర్లు లూకాయే చెప్పినాడు. వారు తమ ఆస్తినంతయు మొదటి దినముననే పంచివేసియున్నచో పండ్రెండుగురు శిష్యులకు పూట గడచుట యెట్లు? బేతనియలో ఒక స్త్రీ మిక్కిలి విలువైన అత్తరును యేసు తలపై పోసినప్పుడు, దానిని 300 దేనారములకు పైగా అమ్మి బీదలకు ఈయవచ్చునే యని కొందరు సణిగిరి. ఒక దేనారము కూలివాని దినవేతనము. అనగా అది యించుమించు సంవత్సరపు కూలి. యేసు ఆ స్త్రీ పక్షము వహించెను. చివరకు ఆయన దేహమును ఉంచినది అరిమతయి యోసేపు అను నొక ధనికుని సమాధిలో.

యెరూషలేములోని తొలి సంఘము మాట యందరికిని తెలిసినదే. అపొస్తలుల కార్యములను బట్టి వారు పొలములను ఇండ్లను అమ్మి, వెలను తెచ్చి అపొస్తలుల పాదములయొద్ద పెట్టిరి. ఎవనికి ఎంత యవసరమో అంత పంచిరి. బర్నబా పొలమమ్మెను. అననీయయు సప్పీరాయు పొలమమ్మి, వెలలో కొంత దాచుకొని, అంతయు ఇచ్చితిమని బొంకి ప్రాణములు కోల్పోయిరి. కాని ఆ కథను నిదానముగ చదివినచో పేతురు వానిని తప్పుపట్టినది దాచుకొన్నందుకు కాదు, బొంకినందుకు. అమ్మకమునుపు పొలము నీదే, అమ్మిన పిదప వెలయు నీ వశముననే యుండెను గదా యన్నది పేతురు మాటల సారము. ఇంకొకటి. ఆ పుస్తకముననే 12వ అధ్యాయమున పేతురు చెరసాలనుండి బయటపడి రాత్రివేళ ఒక యింటి తలుపు తట్టును. అది మార్కు అను మారుపేరుగల యోహాను తల్లి మరియ యిల్లు. పలువురు కూడి ప్రార్థించుటకు చాలినంత పెద్దది. తలుపు తీయుటకు రొదే అను పనిపిల్ల కూడ ఆ యింట నుండెను. ఇండ్లు అమ్మివేసిన సంఘమున ఈ యిల్లు అమ్ముడుపోలేదు. అమ్ముడుపోయినచో ఆ రాత్రి వారు కూడుటకు చోటు లేకపోయెడిది.

ఇట్టి గ్రంథమును చేతబట్టుకొని తరువాతివారు ఏమి చేసిరి? కొందరు కఠినమైన మాటను మెత్తపరచుటకు చూచిరి. యెరూషలేము ప్రాకారమునకు ‘సూదిబెజ్జము’ అను చిన్న ద్వారముండెడిదనియు, ఒంటె బరువు దించి మోకాళ్లపై వంగినచో అందు దూరగలదనియు నేటికిని ఉపన్యాసములలో చెప్పుట కలదు. అట్టి ద్వారము యేసు కాలమున నుండెననుటకు ఏ యాధారమును లేదు. మరికొందరు గ్రీకు పదములో ఒక యచ్చును మార్చి, అది ఒంటె కాదు, ఓడ మోకు అనిరి. అయిదవ శతాబ్దపు అలెగ్జాండ్రియా బిషప్పు సిరిలు ఈ యర్థమునే చెప్పెను. ఓడ మోకు మాత్రము సూదిలో దూరునా? బాబిలోనియా యూదుల తల్మూదులో ఏనుగు సూదిబెజ్జమున దూరుట అన్న మాట కలదు. జరుగని పనికి అదొక నానుడి. ఒంటె మాటయు అట్టిదే. అది మెత్తబడదు.

మెత్తపరచకయే ఎదుర్కొన్నవాడు అలెగ్జాండ్రియా నగరపు క్లెమెంటు. ఆ నగరము ఐగుప్తు గోధుమలను ఓడలకెత్తి రోముకు పంపు రేవు. వర్తకులు, ఓడల యజమానులు, భూస్వాములు క్రైస్తవులగుచున్న కాలమది. మోక్షము మాకు లేనప్పుడు ఈ మతమేల యని వారిలో కొందరు నిరాశ చెందిరి. 200వ సంవత్సర ప్రాంతమున క్లెమెంటు, రక్షణ పొందు ధనవంతుడెవడన్న ప్రశ్ననే పేరుగా పెట్టి ఒక ప్రసంగము వ్రాసెను. మార్కు సువార్తలోని మన కథను మొదట పూర్తిగ నుదాహరించి, దానిని మాట వెంట మాటగ వివరించెను. ఆయన వాదమిది. ధనము పనిముట్టు వంటిది. మంచిగ వాడినచో మంచిది, చెడ్డగ వాడినచో చెడ్డది. పారవేయవలసినది సొమ్మును కాదు, సొమ్ముపై గల తృష్ణను. సొమ్మంతయు విడిచియు దానినే తలపోయుచు కుములువాడు రెంటికిని చెడును. అందరును అన్నియు విడిచినచో ఆకలిగొన్నవానికి అన్నము పెట్టువాడెవడు? బట్ట యిచ్చువాడెవడు?

ఈ చివరి ప్రశ్న బలమైనది. మరియ యింటిని, యోహన్న సొమ్మును తలచికొన్నచో దానికి వేదములోనే యాధారము కలదు. అయినను క్లెమెంటు అడుగని ప్రశ్న యొకటి మిగిలినది. ఆ సొమ్ము ధనికుని చేతికి ఎట్లు వచ్చినది? ఆమోసు అడిగినది అదియే.

క్లెమెంటు వ్రాసిన డెబ్బది యేండ్లకు, 270 ప్రాంతమున, అదే ఐగుప్తులో నొక పల్లెయందు ఆంటోనీ అను యువకుడు చర్చిలోనికి అడుగుపెట్టెను. తల్లిదండ్రులు పోయి కొలది మాసములైనది. ఇంట చిన్న చెల్లెలు. మూడువందల అరూరాల మాగాణి పిత్రార్జితము. అరూరా ఐగుప్తువారి భూమికొలత; మొత్తము మన లెక్కలో ఇంచుమించు రెండువందల ఎకరములు. యెరూషలేము సంఘమువారు ఆస్తులమ్మిన సంగతిని తలచుకొనుచు ఆతడు లోపల ప్రవేశించునప్పటికి, ధనవంతునితో యేసు పలికిన మాటనే యచ్చట చదువుచుండిరి. ఆ మాట తనకొరకే చదివినట్లాతనికి తోచెను. వెంటనే బయటికి వచ్చి పొలములను ఊరివారికిచ్చివేసెను. తక్కిన సామానును అమ్మి బీదలకు పంచి, చెల్లెలి కొరకు మాత్రము కొంత నిలిపెను. మరియొకనాడు చర్చిలో రేపటిని గూర్చి చింత వలదను వాక్యము విని, ఆ కొంతయు పంచివేసి, చెల్లెలిని కన్యకలయొద్ద నుంచి, తాను తపస్సునకు పోయెను. ఈ వృత్తాంతమును అథనేసియసు వ్రాసిన ఆంటోనీ చరిత్ర చెప్పుచున్నది. ఆ పుస్తకము చదివి ఎడారిదారి పట్టినవారికి లెక్క లేదు.

ఒక్క దేశము, ఒక్క కథ. ఒకచోట వర్తకుని మనసు ఊరడిల్లినది. మరియొకచోట రెండువందల ఎకరములు చేతులు మారినవి. ఆ చెల్లెలిని ఎవరైనను అడిగిరా యని మాకు తోచుచుండును. చరిత్ర వ్రాసినవాడు ఆమె పేరైనను చెప్పలేదు.

తరువాతి శతాబ్దమున పరిస్థితి మారినది. 321లో కాన్‌స్టంటైన్ చక్రవర్తి, మరణశాసనము ద్వారా చర్చికి ఆస్తి నీయవచ్చునని చట్టము చేసెను. ధనవంతుని ప్రశ్న ఇక చర్చి ప్రశ్న కూడ నాయెను. 368 ప్రాంతమున కప్పదొకియ దేశపు కైసరయ నగరమును కాటకము పట్టినది. అది సముద్రమునకు దూరమైన చోటు. ఓడలలో ధాన్యము వచ్చుటకు వీలు లేదు. కొట్లలో ధాన్యము గలవారు వెల పెరుగుటకై కాచుకొనియుండిరి. అప్పటికి ఇంకను బిషప్పు కాని బాసిలు వారి యెదుట నిలిచి, కొట్లను పడగొట్టి పెద్దవి కట్టుకొందుననుకొన్న అవివేకి ఉపమానమును తీసికొని ప్రసంగించెను. మన ధనవంతుని కథపైనను ఆయన మరియొక ప్రసంగము చేసెను. మిగులు కూడు ఆకలిగొన్నవానిది, పెట్టెలోని బట్ట బట్ట లేనివానిది. ఈయకుండుట లోభము కాదు, అపహరణము అన్నది ఆయన వాదము. కొట్లు తెరచుకొన్నవనియు, బాసిలు స్వయముగ నడుము బిగించి పప్పుకూడు వడ్డించెననియు ఆయన మిత్రుడు గ్రెగరీ చెప్పినాడు.

కాని ఈ వాదము పరాకాష్ఠ నందినది రోము నగరమున, అయిదవ శతాబ్దారంభమున. మెలానియా యనునామె, ఆమె భర్త పినియానుసు, ఇద్దరును సెనేటరు కుటుంబములవారు. వారి పొలములు ఇటలీలోనే గాక సిసిలీ, స్పెయిను, ఆఫ్రికా, బ్రిటను వరకు వ్యాపించియుండెను. ఇద్దరు బిడ్డలు పోయిన పిదప, ఇరువది యేండ్ల ప్రాయమున మెలానియా అంతయు అమ్మి బీదలకీయ నిశ్చయించెను. ధనవంతుడు చేయలేకపోయిన పనిని చేయుటకు దిగినది. అప్పుడు తెలిసినది, అమ్ముట యెంత కష్టమో. బంధువులు అడ్డుపడిరి. చక్రవర్తి హోనోరియుసు అత్తగారు సెరెనా పూనుకొని, ఆయా రాష్ట్రముల అధికారులే ఆ భూములను అమ్మించునట్లు ఆజ్ఞ తెప్పింపవలసివచ్చెను.

అంతకంటె వింత మరియొకటి కలదు. రోము శివారు పొలములలోని బానిసలు తిరుగబడిరి. మెలానియా చరిత్ర వ్రాసినవాడు దీనిని పినియానుసు సోదరుని కుట్ర యనును. కొంత నిజమే కావచ్చును. కాని బానిస కోణమున చూడుడు. భూమితోపాటు బానిసయు అమ్ముడుపోవును. కొనువాడెవ్వడో తెలియదు. భార్యాబిడ్డలతో కలిపి కొనునో, విడదీయునో తెలియదు. యజమానురాలి యాత్మ తరించుటకు వానికి యింటిలో నిలువనీడ పోవుచున్నది. మెలానియా 8,000 మంది బానిసలకు స్వేచ్ఛ యిచ్చినదని పల్లాడియుసు వ్రాసినాడు. తక్కినవారు స్వేచ్ఛను కోరక సోదరుని సేవనే కోరుకొనగా, నామమాత్రపు వెలకు ఆతనికి ఇచ్చివేసెనని కూడ ఆతడే వ్రాసినాడు. భూమి లేని స్వేచ్ఛతో వారు తినునదేమి? సువార్తలోని ధనవంతుని కథయందు ఇట్టి మనుష్యులు కానరారు. ఆతని పొలమును దున్నినవారెవ్వరో, ఆతడు అమ్మియున్నచో వారేమైయుండెడివారో, ఆ కథ చెప్పినవారికి అవసరము కాలేదు.

410లో అలారిక్కు రోమును దోచుకొనెను. అంతకు మునుపే నగరము విడిచిన మెలానియా దంపతులు ఆఫ్రికా చేరి తగాస్తె యను ఊర నిలిచిరి. అచ్చటి మఠములకు రొక్కము పంచబోవగా, అగస్టీను మొదలగు బిషప్పులు వారికొక సలహా చెప్పిరి. రొక్కము త్వరలో ఖర్చయిపోవును. ఒక్కొక్క మఠమునకు ఒక యిల్లును, ఏటేట రాబడి వచ్చు ఆస్తిని ఏర్పరచినచో శాశ్వతముగ నుండునని. లోకజ్ఞానమున్న సలహా. సర్వసంగపరిత్యాగము చేయవచ్చినవారి సొమ్ము వడ్డీ వంటి రాబడిగ మారినది. 411లో హిప్పో నగరపు జనము పినియానుసును పట్టుకొని, మా యూరి పురోహితుడవు కమ్మని చర్చిలోనే గలభా చేసిరి. వారికి కావలసినది ఆతని భక్తియా, ఆతని సొమ్మా యన్న అనుమానము మెలానియా తల్లికి కలిగెను. తన ప్రజలను సమర్థించుకొనుటకు అగస్టీను ఉత్తరములు వ్రాయవలసివచ్చెను.

మూడేండ్లు గడువకమునుపే సిసిలీ ద్వీపములోని సిరక్యూజునుండి హిలరీ యను గృహస్థు అగస్టీనుకు ఉత్తరము వ్రాసెను. తమ యూర కొందరు క్రైస్తవులు, ధనికుడు తన ధనముతో నున్నంతకాలము దేవుని రాజ్యమున ప్రవేశింపజాలడనియు, అమ్మక ఊరక దానధర్మములు చేసిన లాభము లేదనియు బోధించుచున్నారు, దీనికి మీ సమాధానమేమి యని ఆతని ప్రశ్న. వీరు పెలాగియుసు భావములతో సంబంధముగలవారు. ఆ కాలపు ‘ధనమును గూర్చి’ యను లాటిను గ్రంథమొకటి మిగిలియున్నది. దానిని వ్రాసినదెవరన్న విషయమున పండితులు ఏకీభవింపలేదు. అందు క్లెమెంటు అడుగని ప్రశ్న సూటిగ అడుగబడినది. కొందరివద్ద అధికముగ నుండుటవలననే పలువురవద్ద లేదనియు, అన్యాయము లేక పెద్ద ఆస్తి కూడుట యరుదనియు, దానమిచ్చుటకై ధనముంచుకొందుమను మాట సాకు మాత్రమే యనియు నా గ్రంథకర్త వాదించెను. దోచుకొని దానము చేయుటకంటె దోచుకొనకుండుట మేలని దాని పోకడ.

అగస్టీను దీర్ఘముగ బదులు వ్రాసెను. ఆయన తాను స్వయముగ ఆస్తిని విడిచినవాడు. విడుచుట శ్రేష్ఠమే, కాని విడువనివాడు నశించునని చెప్పుటకు మీరెవరని యడిగెను. ఆయన చూపిన నిదర్శనములలో ఒకటి తర్కమునకు ఎంత సొంపైనదో చూడుడు. లూకా చెప్పిన మరియొక కథయందు లాజరు అను బిచ్చగాడు ధనికుని వాకిట కురుపులతో పడియుండి, చనిపోయి, దేవదూతలచే కొనిపోబడును. ధనికుడు నరకమున పడును. ధనికులకు గతి లేదనువారికి ఇంతకంటె ఆయుధమేమి కలదు? కాని లాజరును కొనిపోయినది ఎవరి రొమ్మునకు? అబ్రాహాము రొమ్మునకు. అబ్రాహాము వెండి బంగారములతో తులతూగినవాడు గదా! పేదవానికి పరలోకమున ఆశ్రయమిచ్చినవాడే ధనికుడు. శిష్యులు పెరిగిన ఆ పాత గ్రంథమే మరల వచ్చి ధనికునికి తోడుపడినది. తర్కమున అగస్టీను గెలిచెననక తప్పదు. ఆ గెలుపువలన సిసిలీ పొలములలో పనిచేయువానికి ఒరిగినదేమో మాకు కానరాదు. 418లో పెలాగియుసు మతము నిషేధింపబడినది. అందుకు ముఖ్యకారణము ధనము కాదు, మానవుని స్వశక్తిని గూర్చిన సిద్ధాంతము. అయినను దానితోపాటు ఆ ప్రశ్నయు చాలకాలము మూలబడినది.

చాలకాలము, కాని శాశ్వతముగ గాదు. 1208లో ఇటలీ దేశపు అస్సీసీ పట్టణమున బట్టల వర్తకుని కుమారుడు ఫ్రాన్సిస్, తన తొలి సహచరుడు బెర్నార్డుతో చర్చికి పోయి సువార్త గ్రంథమును తెరచెనని ఆయన చరిత్రలు చెప్పును. కంటబడినది ధనవంతునితో యేసు పలికిన మాటయే. బెర్నార్డు ఉన్నదంతయు అమ్మి ఊరి చావడిలో పంచిపెట్టెను. వారి సంఘము శీఘ్రముగ పెరిగెను. పెరిగినకొలది ఇండ్లు, పుస్తకములు, ధాన్యపు కొట్లు వచ్చి చేరెను. ఆ యాస్తి మాది కాదు, పోపుగారిది, మేము అనుభవించువారము మాత్రమే యని వారు సర్దుకొనిరి. కొందరు సర్దుకొనలేదు. సన్న్యాసికి ధాన్యపు కొట్టేల, గాదెయేల, దుస్తు పొడవేల యని పోరాడిరి. 1317లో పోపు 22వ జాన్ వారిని లోబడుమని ఆజ్ఞాపించెను. లోబడనివారిలో నలుగురిని 1318 మే నెలలో మార్సెయిల్సు నగరమున సజీవముగ దహించిరి.

తగవు అంతటితో ఆగలేదు. క్రీస్తునకును ఆయన శిష్యులకును స్వంతముగ గాని ఉమ్మడిగ గాని ఆస్తి యుండెనా లేదా యన్నది ఇప్పుడు ప్రశ్న. లేదన్నచో ఇన్ని మాన్యములు గల చర్చి ఎవరిని అనుసరించుచున్నట్లు? యోహాను సువార్తలో ఒక సంచి కలదు. శిష్యుల ఉమ్మడి రొక్కము దానియందుండెను. సంచి యుండెను గనుక ఆస్తి యుండెనని పోపు పక్షము వాదించినది. అది బలహీనుల కొరకు, బీదలకు పంచుట కొరకు ఉంచినదే గాని స్వత్వము కాదని ఫ్రాన్సిస్కనులు వాదించిరి. 1323 నవంబరు 12న పోపు తీర్పు వెలువడినది. క్రీస్తునకు శిష్యులకు ఏ యాస్తియు లేదని పట్టుబట్టుట మతద్రోహము. ఫ్రాన్సిస్కనుల ప్రధానాచార్యుడు మైకేల్, తత్త్వవేత్త విలియం ఆఫ్ ఓకాముతో కూడి 1328లో రాత్రివేళ అవిన్యోను నగరమునుండి పారిపోయి, పోపునకు విరోధియైన చక్రవర్తి చెంత చేరెను.

ఆ సంచిని మోసినవాడు ఇస్కరియోతు యూదా. ఆతడు అందులో వేసినది దొంగిలుచుండెడివాడని యోహాను వ్రాసినాడు. వాదించిన రెండు పక్షములకును ఈ సంగతి తెలియును.